కేస్ పేపర్ మీద రాయని చరిత్ర



ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాం. తీరిక చేసుకొని చివరిదాకా చదవండి. ఇంట్లో ఆడవాళ్ళకు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

మన వాళ్ళ చరిత్ర గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మెదక్, పాలమూరు జిల్లాల నుంచి చేతిమగ్గం వదిలి, మూటాముల్లె సర్దుకొని మన తాతలు, తండ్రులు ఎట్లా వచ్చారో మనకు తెలుసు. కొందరు షోలాపూర్‌లో ఆగారు, కొందరు బొంబాయి మిల్లుల్లో చేరారు, చాలామంది భివండిలో సాంచాల మీద నిలబడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు బయటికొచ్చారు. ఆ మిల్లులు మళ్ళీ కోలుకోలేదు, బట్ట నేసే పని భివండి వైపు జరిగింది. సిరిసిల్ల నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మన పిల్లలు బస్సెక్కి ఇటు వచ్చారు. పద్మానగర్, కామత్‌ఘర్, నార్పోలి గల్లీల్లో తెలుగు వినబడటం అట్లా పెరిగింది. 1970లో, 1984లో అల్లర్లు జరిగినప్పుడు తలుపులు వేసుకొని కూర్చున్న రోజులు మన పెద్దలకు ఇంకా గుర్తే.

ఈ చరిత్రలో మగ్గం ఉంది, సాంచా ఉంది, సేట్ ఉన్నాడు, సమ్మె ఉంది, అల్లర్లు ఉన్నాయి. ఇంటి లోపల మొగుడి చేతిలో ఆడమనిషి తిన్న దెబ్బలు మాత్రం ఎక్కడా లేవు. మన వార్షిక నివేదికల్లో వెతికినా దొరకవు. అవి ఎక్కడన్నా మిగిలి ఉంటే దవాఖాన కాగితాల్లోనే. అక్కడ కూడా వేరే పేర్లతో ఉన్నాయి. "బాత్రూంలో జారి పడింది." "మెట్ల మీద నుంచి పడింది." "స్టవ్ పేలింది."

దెబ్బలు తిన్న ఆడమనిషి పోలీస్ స్టేషన్‌కు పోదు. కోర్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. సమాజం పెద్దల దగ్గరికి కూడా ఆఖరుకే వస్తుంది. కానీ ఏదో ఒక నొప్పి చెప్పుకొని డాక్టరు దగ్గరికి మాత్రం పోతుంది. అందుకే ఆ తలుపు చాలా ముఖ్యం. ఆ తలుపు దగ్గర ఆమె మాట వినే మనిషిని కూర్చోబెట్టడానికి మన దేశంలో చాలా ఏళ్ళు పట్టింది. ఆ కథే ఈ వ్యాసం.

ముందు మన ఇళ్ళ సంగతి

సాంచాల పని ఎట్లా ఉంటుందో బయటివాళ్ళకు చెప్పాలి గానీ మనకు చెప్పాల్సిన పని లేదు. పన్నెండు గంటల పాళీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పగార్ నేసిన బట్ట లెక్కన. నూలు రాకపోతే, కరెంటు పోతే, మార్కెట్ పడిపోతే ఆ రోజు కూలి లేదు. ఒక్క గదిలో ఐదారుగురు. రాత్రి పాళీ చేసి వచ్చినాయన పగలు పడుకోవాలి, పిల్లలు ఆడకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు. అదే గదిలో, అదే వెలుతురులో ఆడమనిషి చాట ముందు పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టాలి. భివండిలో మన ఆడవాళ్ళు ఎన్ని ఇళ్ళు బీడీల మీద నడిపారో లెక్క లేదు.

ఈ కష్టం వల్లనే మగవాళ్ళు కొడతారని చెప్పడం మా ఉద్దేశం కాదు. అదే పాళీ చేసి, అదే గదిలో ఉండి, జీవితంలో ఒక్కసారి కూడా చెయ్యెత్తని మగవాళ్ళు మన చాళ్‌లలో ఎందరో ఉన్నారు. బంగళాల్లో ఉండి కొట్టేవాళ్ళూ ఉన్నారు. కష్టం చేసేది ఇంకొకటి. దెబ్బ తిన్న మనిషికి తప్పుకునే చోటు లేకుండా చేస్తుంది. పుట్టిల్లు సిరిసిల్లలోనో జనగామలోనో ఉంటుంది. పక్క గదివాళ్ళకు గోడలోంచి అన్నీ వినబడతాయి, కానీ వాళ్ళాయన కూడా అదే కార్ఖానాలో పనిచేస్తాడు కాబట్టి నోరు తెరవరు.

మన భాష కూడా ఆమెకు సాయం చేయలేదు. "మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు" ఏడ్చిందని సామెత. అంటే మొగుడు కొట్టడం గాలి వీచినట్టు, వాన కురిసినట్టు మామూలు సంగతన్నమాట. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని ఇంకొకటి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భార్యను భర్త కొట్టడం ఏదో ఒక కారణంతో సబబేనని తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్ళే చెప్పారు. దేశంలో ఇంత ఎక్కువగా ఇంకెక్కడా లేదు. మహారాష్ట్రలో ఆ సంఖ్య దీనికి చాలా తక్కువ. అంటే మనం ఊరి నుంచి మగ్గం పనితోపాటు ఈ మాటను కూడా తెచ్చుకున్నాం.

స్టవ్‌లు పేలిన కాలం

1970ల చివర, 1980లలో పంపు స్టవ్‌లు పేలిన వార్తలు లేని పత్రిక లేదు. కాలిన గాయాల వార్డులో ఎక్కువమంది కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లలే. అదే స్టవ్ అత్త చేతిలో ఎందుకు పేలదు, మామ చేతిలో ఎందుకు పేలదు అని అప్పట్లో మహిళా సంఘాలు అడిగాయి. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన, ముంబైలో స్త్రీల మీద అత్యాచారాలను ఎదిరించే ఫోరం, ఢిల్లీలో ఇంకొన్ని సంఘాలు వీధికెక్కాయి. దాని ఫలితంగానే 1983లో 498ఏ సెక్షన్ వచ్చింది. భర్త గానీ అతని బంధువులు గానీ పెట్టే క్రూర హింస నేరమైంది. 1986లో వరకట్న చావులకు 304బీ వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా చనిపోతే, అంతకు ముందు కట్నం కోసం వేధించినట్టు తేలితే, చట్టం దాన్ని వరకట్న చావుగానే చూస్తుంది.

చట్టం వచ్చింది గానీ లెక్క రాలేదు. 2009లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. 2001లో మన దేశంలో మంటల వల్ల సుమారు 1,63,000 మంది చనిపోయారని, అందులో 1,06,000 మంది ఆడవాళ్ళని, వాళ్ళలో ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ళ వయసువాళ్ళని అందులో అంచనా వేశారు. ఆ మొత్తం పోలీసు లెక్కల్లో ఉన్నదానికి దాదాపు ఆరు రెట్లు. ఆ చావులన్నీ హత్యలని ఎవరూ అనలేదు. నిజంగానే ప్రమాదాలు ఉంటాయి, ఆత్మహత్యలు ఉంటాయి. కానీ పోలీసు పుస్తకంలోకి ఎక్కనిది ఎంత ఉందో ఆ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

నెల్లూరు ఆడవాళ్ళు చెప్పిన మాట

ఈ చరిత్రలో మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన ఘట్టం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకొని సారా ప్యాకెట్ల బండ్లను ఆపారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

పత్రికలు దాన్ని సారా ఉద్యమం అన్నాయి. ఆ ఆడవాళ్ళు సభల్లో చెప్పింది వింటే కూలి డబ్బులు పోవడం ఒక సగం, ఇంట్లో దెబ్బలు ఇంకో సగం. తాగుడుకూ దెబ్బలకూ ఉన్న సంబంధం వాళ్ళు సర్వేలు రాకముందే చెప్పారు. 2019-21 సర్వేలో తరచూ తాగి వచ్చే భర్త ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చూశామన్నారు. తాగని భర్త ఉన్నవాళ్ళలో ఆ సంఖ్య 23 శాతం. ఈ రెండో సంఖ్యను కూడా గమనించండి. ఒక్క చుక్క ముట్టనివాళ్ళ ఇళ్ళలో కూడా నూటికి ఇరవై మూడు. "పాపం, తాగినప్పుడే కొడతాడు, మనిషి మంచోడే" అనే మాటకు ఈ సంఖ్యే జవాబు.

దెబ్బ కనబడదు, జబ్బు కనబడుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దెబ్బలంటే మనకు కమిలిన కన్ను, విరిగిన చెయ్యి గుర్తొస్తాయి. వైద్యులకు కూడా చాలాకాలం అంతే. అమెరికాలో న్యూహేవెన్ ఊళ్ళోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన ఆడవాళ్ళ పాత కాగితాలను ఇవాన్ స్టార్క్, ఆన్ ఫ్లిట్‌క్రాఫ్ట్ తదితర పరిశోధకులు తిరగేసి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. వైద్యులు ప్రతి 35 మందిలో ఒక్కరినే దెబ్బలు తిన్న భార్యగా గుర్తించారు. కాగితాలను జాగ్రత్తగా చదివితే నలుగురిలో ఒకరని తేలింది. మిగతావాళ్ళకు నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు రాసి ఇంటికి పంపారు. వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ మాత్రలు రాశారు.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. మన బస్తీ డాక్టరు దగ్గర పొద్దున పూట కూర్చుంటే ఇదే కనబడుతుంది. తలనొప్పి, నడుం నొప్పి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట, తెల్లబట్ట, ఒంట్లో సత్తువ లేకపోవడం. డాక్టరు ఒక సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు, డబ్బులు తీసుకుంటాడు. రెండు వారాలకు అదే మనిషి అదే నొప్పితో వస్తుంది. బీడీలు చుట్టి సంపాదించింది మందుల దుకాణంలో పోతుంది. ఇంట్లో ఏమైందని ఎవరూ అడగరు. ప్రతి నడుం నొప్పి వెనుక దెబ్బ ఉందని కాదు. పొద్దంతా వంగి కూర్చొని బీడీలు చుడితే నడుం నొప్పి రాకేం చేస్తుంది? కానీ ఏ మందుకూ తగ్గని నొప్పితో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఒక ప్రశ్న అడగాలి కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అన్ని దేశాల పరిశోధనలు కలిపి ఒక నివేదిక ఇచ్చింది. భర్త లేదా సహచరుడి చేతిలో హింసకు గురైన ఆడవాళ్ళలో 42 శాతం మందికి గాయాలయ్యాయి. హింస చూడనివాళ్ళతో పోలిస్తే వీళ్ళకు మానసిక కుంగుబాటు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. గర్భస్రావం చేయించుకోవాల్సిన పరిస్థితి కూడా రెట్టింపు. తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ. చివరి మాట మన ఇళ్ళలో అత్తమామలు తప్పకుండా వినాలి. కోడలిని కొట్టిన దెబ్బ మనవడి బరువులో కనబడుతుంది.

బాంద్రా భాభా ఆసుపత్రి

భివండికి గంటన్నర దూరంలో ముంబైలో ఈ విషయంలో దేశానికే దారి చూపించిన పని జరిగింది. మనలో చాలామందికి తెలియదు.

1984లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థవాళ్ళు ముంబై పోలీస్ కమిషనర్ కార్యాలయంలోనే ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. పోలీస్ స్టేషన్‌లో సామాజిక కార్యకర్త కూర్చుని మాట వినడం అప్పటికి కొత్త. కానీ పోలీస్ మెట్లు ఎక్కేవాళ్ళు కొందరే.

1999లో ముంబైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువల్టీ రిజిస్టర్ల మీద ఒక అధ్యయనం అచ్చయింది. క్యాజువల్టీకి వచ్చిన ఆడవాళ్ళ కేసులు ఒక్కొక్కటే చూస్తే, దాదాపు మూడింట రెండు వంతుల్లో ఇంటి హింస ఖచ్చితంగా ఉంది, లేదా ఉండవచ్చని అనుమానించే గుర్తులున్నాయి. రిజిస్టర్‌లో మాత్రం ఎక్కువగా పడటం, కాలడం, పొరపాటున ఏదో మింగడం.

2000 సంవత్సరంలో సెహత్ అనే పరిశోధన సంస్థ, ముంబై మహానగరపాలిక ఆరోగ్య విభాగం కలిసి బాంద్రాలోని కే.బీ. భాభా ఆసుపత్రిలో 'దిలాసా' మొదలుపెట్టాయి. దిలాసా అంటే ధైర్యం చెప్పడం అని మనందరికీ తెలుసు. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆసుపత్రి విభాగంగానే నడిచే ఇలాంటి కేంద్రం దేశంలో ఇదే మొదటిది. దీని పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. డాక్టర్లకు, నర్సులకు, వార్డు సిబ్బందికి గుర్తులు ఎట్లా పట్టాలో నేర్పారు. చెప్పిన కథకూ గాయానికీ పొంతన లేకపోవడం, గర్భంతో ఉన్నప్పుడు కడుపు మీద దెబ్బలు, విషం తాగి రావడం, పక్కన ఉన్న భర్త ఆమెను నోరు తెరవనివ్వకుండా అన్నింటికీ తనే జవాబు చెప్పడం. అనుమానం వస్తే కట్టు కట్టి మందులిచ్చాక అదే ఆవరణలో ఉన్న కౌన్సిలర్ గదికి పంపిస్తారు. మిగతా ఓపీడీ గదుల్లాంటిదే అదొకటి. అందుకే అక్కడికి పోయిన మనిషిని చూసి ఎవరూ గుసగుసలాడరు. ఇంట్లో అడిగితే "దవాఖానకు పోయొచ్చిన" అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

తర్వాత ముంబైలోని మరిన్ని మునిసిపల్ ఆసుపత్రులకు దిలాసా విస్తరించింది. కేరళ ప్రభుత్వం 'భూమిక' పేరుతో జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి కేంద్రాలే పెట్టింది.

చట్టంలో మన ఆడవాళ్ళకు ఉన్నది

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి 2006 అక్టోబర్ 26 నుంచి అమలైంది. ఇది సివిల్ చట్టం. మొగుణ్ణి జైల్లో వేయకుండానే కొట్టవద్దని కోర్టు ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల కస్టడీ అడగొచ్చు. ఇందులో దవాఖానల గురించి ఉన్న భాగం చాలామందికి తెలియదు. ఆమె అడిగితే వైద్యం చేయడం ఆసుపత్రి బాధ్యత. "ముందు పోలీస్ స్టేషన్‌కు పోయి రా" అని తిప్పి పంపకూడదు. అంతకుముందు ఎక్కడా గృహహింస నివేదిక రాయకపోతే ఆసుపత్రి బాధ్యుడే ఆ ఫారం నింపి రక్షణ అధికారికి పంపాలి. వైద్య పరీక్ష రిపోర్టు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. ఇవన్నీ 2006 నియమాల్లో ఉన్నాయి. పాత 498ఏ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. నంబరు మారింది గానీ నేరం అదే.

ఇన్ని ఉన్నా ఆమె నోరు విప్పుతోందా? 2019-21 సర్వేలో హింస చూసిన ఆడవాళ్ళలో ఎవరి సాయమైనా కోరినవాళ్ళు 14 శాతమే. అందులోనూ ఎక్కువమంది పుట్టింటివాళ్ళకే చెప్పుకున్నారు. డాక్టరుకు చెప్పినవాళ్ళు బహు తక్కువ. మన బస్తీలో దీనికి ఇంకో రెండు కారణాలు తోడవుతాయి. ఒకటి భాష. ఇందిరా గాంధీ స్మారక ఆసుపత్రికో, పెద్ద గాయమైతే థానేకో కల్వాకో పోతే అక్కడ మరాఠీ, హిందీ. ఊరి నుంచి వచ్చి రెండేళ్ళు కాని పిల్లకు తన బాధ ఆ భాషల్లో చెప్పడం రాదు. అప్పుడు దుబాసీ ఎవరు? కొట్టినాయనే. లేదంటే బళ్ళో మరాఠీ నేర్చుకున్న పదేళ్ళ పిల్లాడు. తల్లి ఆ పిల్లాడి నోటితో ఏం చెప్పించగలదు? రెండోది కూలి. దవాఖాన వరుసలో సగం రోజు పోతే ఆ రోజు బీడీల లెక్క పోయినట్టే.

సమాజం ముందు పెడుతున్న మాట

మన సమాజంలో భార్యాభర్తల గొడవ వస్తే పంచాయితీ కూర్చోబెట్టడం పాత ఆనవాయితీ. పెద్దలు మంచి మనసుతోనే చెబుతారు. ఆయనతో తప్పు ఒప్పిస్తారు, ఆమెకు సర్దుకుపొమ్మంటారు, ఇద్దరినీ ఇంటికి పంపిస్తారు. కొన్ని ఇళ్ళు దానివల్ల నిలబడ్డాయి కూడా. కానీ ఆ కూర్చోబెట్టడంలో ఒంటి మీది గాయాన్ని చూసేవాళ్ళుండరు. నలుగురు మగవాళ్ళ ముందు ఆమె చీర కొంగు తీసి చూపించలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తే మొదటిసారి ఏమైందో ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

అందుకని ఈసారి సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు మాటలు చర్చకు పెట్టమని కోరుతున్నాం.

ఒకటి. దెబ్బలు తిన్న మనిషి వస్తే పంచాయితీ కన్నా ముందు దవాఖాన. కట్టు కట్టించి, కేస్ పేపర్ మీద గాయం ఎట్లా అయిందో ఆమె చెప్పినట్టు రాయించి, నకలు జాగ్రత్త చేసిన తర్వాతే మిగతా మాటలు. కేస్ పేపర్ మీద రాయించినంత మాత్రాన మొగుడి మీద కేసు పెట్టినట్టు కాదు. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. రేపు అవసరం పడితే ఆ కాగితం ఉంటుంది.

రెండు. మహిళా విభాగం నుంచి తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన నలుగురైదుగురు అక్కలు దవాఖానకు తోడు వెళ్ళేందుకు పేర్లివ్వాలి. భర్తను, అత్తను బయట కూర్చోబెట్టి లోపల ఆమె పక్కన ఉండాలి. విన్నది ఇంకో చెవిన పడకూడదు.

మూడు. బస్తీల్లో ప్రాక్టీస్ చేసే మన డాక్టర్లను ఒకరోజు పిలిచి మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు వాళ్ళ నుంచి ఎక్కువేమీ అడగవు. అనుమానం వచ్చినప్పుడు ఒంటరిగా అడగడం, ఓపిగ్గా వినడం, నమ్మడం, ఈ రాత్రికి ఇంటికి పోతే ప్రమాదం ఉందా అని కనుక్కోవడం, సాయం దొరికే చోటు చెప్పడం.

నాలుగు. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 అత్యవసర నంబర్లు సమాజం హాలు గోడ మీద, నీళ్ళ ట్యాంకు దగ్గర, బీడీ ఆకు పంచే చోట తెలుగులో రాయించాలి.

దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. కల్యాణ మండపానికి, వార్షికోత్సవానికి చందాలు ఎత్తిన చేతులకు ఇదొక లెక్క కాదు. సమావేశం తేదీ ఖరారైన వెంటనే కార్యవర్గానికి ఈ నాలుగు అంశాలు రాతపూర్వకంగా ఇస్తాం. ఆ రోజు మీ ఇంటి ఆడవాళ్ళను కూడా వెంట తీసుకురండి. ముందు వాళ్ళను మాట్లాడనిద్దాం.